తబితా సిస్టర్ అడిగిన రెండో ప్రశ్న

తబితా సిస్టర్ వేలికి అందని నరం కిడ్నీ జబ్బుల ఉద్దానంలో ఇంకా పుట్టలేదని పలాస ఆసుపత్రి క్యాజువాలిటీలో అంటుంటారు. డయాలసిస్ సూదులతో గట్టిపడిపోయిన చేతులు, విరేచనాలతో ఎండిపోయిన పసిపిల్లల చేతులు, జీడిపిక్కల నూనె అంటి నల్లబడిన ఆడవాళ్ళ చేతులు, ఏవైనా సరే బొటనవేలితో రెండుసార్లు తడిమి, మూడోసారి సూది దించేస్తుంది. పుట్టింది టెక్కలిలో, బాప్టిస్టు చర్చి వెనక వీధిలో. తండ్రి లాజరు తాపీమేస్త్రి. కూతురు తెల్లబట్టలు వేసుకునే ఉద్యోగం చెయ్యాలని ముచ్చటపడి నర్సింగు చదివించాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ అత్యవసర విభాగం వదల్లేదు. తిత్లీ తుపాను కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినప్పుడు మూడు రోజులు ఇంటిముఖం చూడకుండా, టార్చిలైటు నోట కరచుకుని కుట్లు వేసిన మనిషి.

అలాంటి మనిషి కిందటేడు ఒక కాగితాన్ని చూసి భయపడింది.

ఆ కాగితం తెచ్చింది డ్యూటీ డాక్టరు మహేష్. విశాఖపట్నంలో ఏదో శిక్షణకి వెళ్ళి, వస్తూ వస్తూ దాన్ని తెచ్చాడు. అందులో నాలుగే ప్రశ్నలు. పదేళ్ళు దాటిన పిల్లలు ఏ పని మీద క్యాజువాలిటీకి వచ్చినా, కుక్క కరిచి వచ్చినా, జ్వరంతో వచ్చినా, పెద్దవాళ్ళని కాసేపు బయట కూచోబెట్టి ఆ నాలుగూ అడగాలి. బతకాలని అనిపించడం లేదా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని తిన్నగా అడిగే ప్రశ్నలు.

తబితా చదివి, కాగితం బల్ల మీద బోర్లించింది.

"పిల్లల్ని ఇలాంటివి అడుగుతారా సార్? లేని ఆలోచన మనమే వాళ్ళ బుర్రలో పెట్టినట్టవదా?"

"అవదు సిస్టర్. ఆ భయం నాకూ ఉండేది. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ముందే ఉన్నవాళ్ళకి చెప్పుకోడానికి ఒక దారి దొరుకుతుంది, అంతే."

డాక్టరు చెప్పాడు గనక అడగడం మొదలుపెట్టింది. అడగడమంటే, ఏ మందైనా పడదా అని అడిగినట్టే. చేతిలో ట్రే, చూపు కాగితం మీద, నాలుగు ప్రశ్నలూ ఒక్క గుక్కలో. పిల్లలు బిత్తరపోయి "నేదు, నేదు" అనేవారు. నాలుగు టిక్కులు కొట్టేసేది. రెండు నెలలయ్యాక, "మన పిల్లలకి ఇలాంటివి ఉండవు సార్. వాళ్ళకి ఆటలూ తిండీ తప్ప మరోటి తెలీదు" అంది. మహేష్ నవ్వి, అయినా అడుగుతూనే ఉండమన్నాడు.

జూలైలో ఒక శనివారం, పొద్దున్న పదిగంటల వేళ, దాలమ్మ అనే ముసలావిడ మనవరాలిని ఆటోలోంచి దింపి లోపలికి తీసుకొచ్చింది. పిల్ల పేరు లక్ష్మీప్రియ. పన్నెండేళ్ళు, ఏడో తరగతి. సైకిలు మీద వస్తుంటే మేకపిల్ల అడ్డం వచ్చిందట. దాన్ని తప్పించబోయి కంకర మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది.

"దీని నాన్న పక్క బిల్డింగులో డయాలసిస్ మిషన్ మీదున్నాడు సిస్టరమ్మా. కోడలు ఆడి దగ్గరుంది. అందుకే నీనే తెచ్చీసినాను. సూడమ్మా, అంత రగతం కారినా ఈ గుంట ఒక్క కన్నీటి సుక్క ఎట్టనేదు" అంది దాలమ్మ, అదో గొప్పలాగా.

నిజమే. తబితా గాయం కడిగింది, మత్తుసూది వేసింది, డాక్టరు మూడు కుట్లు వేశాడు. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. మొహంలో నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే తబితాకి ఎక్కడో గుచ్చుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఏడ్చే పిల్లల్ని చూసింది, కొరికే పిల్లల్ని చూసింది. తన చెయ్యి తనది కానట్టు కూచున్న పిల్లని చూసిన గుర్తు లేదు.

"మామ్మా, కూసేపు బయట కూకో. నీ మనవరాలిని నీను సూసుకుంటాను."

దాలమ్మ వెళ్ళాక తెర లాగి, తబితా ట్రే పక్కన పెట్టేసింది. స్టూలు దగ్గరికి లాక్కుని, పిల్ల కళ్ళకి ఎదురుగా తన కళ్ళు ఉండేలా కూచుంది.

"ఈమధ్య ఎప్పుడైనా, సచ్చిపోతే బాగున్ను అనిపించిందా తల్లీ?"

పిల్ల మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. బయట ఎవరో పేషెంటు పేరు పిలుస్తున్నారు. తబితా తొందరపెట్టలేదు. కాసేపాగి రెండోది అడిగింది.

"నువ్వు నేకపోతే మీ ఇంట్లోవోళ్ళకి బాగుంటాదని అనిపించిందా?"

లక్ష్మీప్రియ మొదటిసారి ఆవిడ వైపు చూసింది.

"బాగుండడం కాదు సిస్టర్. నాన్న బతుకుతాడు."

తబితాకి అర్థం కాలేదు. పిల్ల బడిలో పాఠం అప్పజెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. అమ్మ తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలు చేసి సరిపడదన్నారు. బడిలో రక్తం పరీక్ష చేసి కార్డు మీద రాశారు, నాన్నదీ తనదీ ఒకటే గ్రూపు. నాన్నతో వచ్చినప్పుడల్లా వరండాలో గోడ మీద బొమ్మ చూస్తుంది. చనిపోయినవాళ్ళ అవయవాలు ఇంకొకళ్ళని బతికిస్తాయని దానిమీద ఉంది. "నాకు రెండున్నాయి గదా. రెండూ నాన్నకే ఎట్టొచ్చు."

"ఎన్నాళ్ళనుంచి అనుకుంటన్నావమ్మా?"

"వేసంగి సెలవులనుంచి. రోజూ. ఈ పరీచ్చలు అయిపోయాక అనుకున్నాను. మార్కులు బాగా వొస్తే నాన్న సంతోసిస్తాడు గదా, అందుకని."

"ఎవలికైనా సెప్పావా?"

"ఎవలూ అడగనేదు."

తల మీద నీళ్ళబిందె తొణక్కుండా మోసుకొచ్చినట్టు, మూడు నెలలు ఇంత బరువుని మోసుకుంటూ ఈ పిల్ల బడికి వెళ్ళింది, అన్నం తింది, దారిలో మేకపిల్లని తప్పించింది. తండ్రి మీద ఉన్న ప్రేమంతా పోగేసి, తప్పు దారిలో, ఒక్కతే ఇంత దూరం నడిచొచ్చింది. ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తూనే నడిచిందేమో. తబితాకి భయం ఒకపక్క, చర్చిలో అందరూ ఒక్కసారిగా మౌనమైనప్పుడు కలిగే అదేదో ఇంకోపక్క. ఇన్నాళ్ళూ ట్రే పట్టుకుని గుక్కతిప్పుకోకుండా అడిగిన మాటలు ఇంత లోతుకి వెళ్తాయని ఆవిడ అనుకోలేదు.

"నాకు సెప్పి మంచి పని సేసినావు తల్లీ" అంది. ఆ తరవాత ఒక్క క్షణం కూడా పిల్లని ఒంటరిగా వదల్లేదు. తెర సందులోంచి తోటి నర్సు ఫ్లోరెన్స్‌ని పిలిచి డాక్టరుకి కబురుపెట్టింది.

మహేష్ వచ్చి, మంచం చివర కూచుని, మిగతా ప్రశ్నలు అడిగాడు. పిల్ల ఇంతవరకూ ఏమీ చేసుకోలేదు. ఇవాళ పడింది నిజంగా మేకపిల్ల వల్లే. అంతా విన్నాక అన్నాడు:

"నువ్వు అనుకున్నట్టు జరగదు లక్ష్మీప్రియా. అలా ఏ నాన్నా బతకడు. ఏ డాక్టరూ అలా చెయ్యడు. మీ నాన్నకి వైద్యం చూడ్డం మా పని. అది నీ నెత్తిన పెట్టుకోకు."

మధ్యాహ్నం మిషన్ దిగి తండ్రి ధర్మారావు వచ్చాడు, మోచేతి మీద దూది నొక్కిపట్టుకుని. వెనక తల్లి దేవి. పిల్లతో ముందే చెప్పి, తబితా వాళ్ళిద్దరికీ విషయం చెప్పింది. దేవి గోడకి జారబడి కింద కూచుండిపోయింది. ధర్మారావు దూది అలాగే నొక్కిపట్టుకుని నిలబడ్డాడు. అరుస్తాడేమో, కొడతాడేమో అని తబితా మనసులో గుబులు. అతను తెర తీసుకుని లోపలికి వెళ్ళి స్టూలు మీద కూచున్నాడు.

"నువ్వు నాకు ఇయ్యాల్సింది ఏటీ నేదే" అన్నాడు. "రోజూ బడినుంచి వొచ్చి ఆ తరగతిలో ఎవలేటన్నారో నాకు సెప్తావు సూడు, అది ఇనడానికే నీను ఆ మంచం ఎక్కుతన్నాను. నాకు నీ కిడ్నీ ఒద్దు. నువ్వు కావాల." పిల్ల చెయ్యి అందుకున్నాడు. "ఇంత బరువు ఒక్కదానివే ఎలా మోసినావే?"

మూడు కుట్లకి చలించని పిల్ల అప్పుడు ఏడ్చింది. బావురుమని, పసిపిల్లలా, ఎక్కిళ్ళు వచ్చేదాకా ఏడ్చింది. బయటినుంచి దాలమ్మ పరిగెత్తుకొచ్చి, "ఏటయిందే, ఏటయిందే" అంటూ పిల్ల తలని కడుపుకి అదుముకుంది. తెర బయట నిలబడి తబితా ఆ ఏడుపు విన్నది. ఏడుపు వినడానికి ఇంత హాయిగా ఉంటుందని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

శ్రీకాకుళంలో ఉన్న మానసిక వైద్యురాలు ఆ సాయంత్రమే ఫోనులో వీడియో పెట్టి గంటసేపు పిల్లతో, ఆ తరవాత తల్లిదండ్రులతో మాట్లాడింది. కొన్నాళ్ళపాటు పిల్లని ఒంటరిగా ఉంచొద్దంది. మనసు బాగోనప్పుడు ఎవరికి చెప్పాలో పిల్ల చేతే రాయించింది. నాన్న, మామ్మ, క్లాసు టీచరు ఉమామహేశ్వరి, నాలుగో పేరు తబితా సిస్టర్. వారం వారం, తండ్రి డయాలసిస్‌కి వచ్చిన రోజునే, పిల్లతో మాట్లాడేట్టు ఏర్పాటైంది.

ఒక్క రోజులో అంతా సర్దుకోలేదు. సెప్టెంబరులో తండ్రికి ఆయాసం ఎక్కువై రెండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. రెండోరోజు మధ్యాహ్నం తబితా మందుల అలమారు సర్దుతుంటే ఎవరో చీరకొంగు లాగారు. లక్ష్మీప్రియ.

"సిస్టర్, ఆ ఆలోచన మళ్ళీ వొచ్చింది. సెప్పమన్నారు గదా, సెప్తన్నాను."

తబితా చేతిలో సీసాలు ఉన్నచోట పెట్టేసి, ఆ పిల్లని అక్కడే కావలించుకుంది. యాభై గజాల వరండా నడిచి, అంతమంది జనంలోంచి తన భయాన్ని తానే తెచ్చి పెద్దవాళ్ళ చేతిలో పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి? తనకి నలభై మూడేళ్ళు. తనవల్ల అవుతుందో లేదో ఆవిడకి తెలీదు.

ధర్మారావు కోలుకున్నాడు. ఇప్పటికీ వారానికి మూడుసార్లు మిషన్ ఎక్కుతున్నాడు. లక్ష్మీప్రియ ఎనిమిదో తరగతికి వచ్చింది. శ్రీకాకుళం డాక్టరమ్మ ఇప్పుడు నెలకోసారి మాట్లాడితే చాలంది. పిల్లకి కబుర్లు ఎక్కువయ్యాయని ఉమామహేశ్వరి టీచరు ఫిర్యాదు చేస్తే, దేవి ఆ ఫిర్యాదుని క్యాజువాలిటీదాకా మోసుకొచ్చి చెప్పి మురిసిపోయింది.

కొత్త నర్సులకి ఆ నాలుగు ప్రశ్నలూ ఇప్పుడు తబితాయే నేర్పుతోంది. ట్రే కింద పెట్టండి, కూచోండి, వాళ్ళ కళ్ళలోకి చూడండి, జవాబు వచ్చేదాకా నోరు మూసుకోండి, అంతే చెబుతుంది.

మొన్న మూలపేట వైపునుంచి ఒక పదకొండేళ్ళ పిల్ల వచ్చింది, పేరు వనజ, అరికాల్లో చేపల గాలం దిగబడి. గాలం తీసి కట్టుకట్టాక తబితా స్టూలు లాక్కుని కూచుని మొదటి ప్రశ్న అడిగింది. వనజ కళ్ళు ఇంతింత చేసుకుని, "నాకెందుకు సిస్టర్! ఆదివారం మా అక్క పెళ్ళి. ఈ కట్టుతో డాన్సు సేయొచ్చా, సేయకూడదా, అది సెప్పండి ముందు" అంది.

తబితా పకపకా నవ్వింది. మిగతా మూడు ప్రశ్నలూ అంతే ఓపిగ్గా అడిగి, పిల్ల చెప్పిన ప్రతి "నేదు"ని, దేనికదే అపురూపమైనట్టు, నెమ్మదిగా కాగితం మీద రాసుకుంది.