గానుగ షెడ్డులో దొరికిన గొంతు

కోహీర్ రోడ్డు మీద పాడుబడిన బెల్లం గానుగ షెడ్డులో దయ్యం గొంతు రికార్డు చేశామని నేనూ నా దోస్తూ ఒకప్పుడు జహీరాబాద్ అంతా చెప్పుకుని తిరిగాం. ఆ క్యాసెట్ విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. అడిగిన ప్రతిసారీ ఆ కథ చెప్పాను, కానీ ఒక్క సంగతి దాచి చెప్పాను. ఆ గొంతు బతికున్న మనిషిది. మా వదినది. మొదటిసారి విన్నప్పుడే నాకు తెలుసు.

అవి డెబ్భైల చివరి రోజులు. మా అన్న సౌదీలో డ్రైవరు. ఒక మనిషితో ఇంటికి టేప్ రికార్డర్ పంపించాడు. వదినకు చదువు రాదు. అంతకుముందు ఉత్తరం పంపాలంటే నాకు చెప్పి రాయించేది. భర్తతో చెప్పుకోవాల్సిన మాట మరిదితో ఎంతని రాయిస్తుంది? అందరూ క్షేమం, మీ క్షేమం తెలుపగలరు, అంతే. టేప్ రికార్డర్ వచ్చాక ఆ ఇబ్బంది తప్పింది. సౌదీకి మనుషులను పంపిన ఇళ్లన్నీ అప్పట్లో అలాగే చేసేవి. ఇక్కడ మాట్లాడిన క్యాసెట్ వెళ్లేవాడి చేతికిచ్చేవాళ్లు. అక్కడ దాన్ని విని, దాని మీదే జవాబు మాట్లాడి, వచ్చేవాడి చేతికిచ్చేవాళ్లు. ఒకే క్యాసెట్ అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. వదిన జొన్న బస్తాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని మాట్లాడేది. ఆ క్యాసెట్ మాలో ఎవరం వినకూడదు. ఎవరో పెట్టిన నియమం కాదు కానీ మా అమ్మ కూడా దాన్ని తప్పలేదు.

నా దోస్తుకు బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. పరదేశంలో ఎవరో ఖాళీ ఇంట్లో టేపు తిరగనిచ్చి వదిలేస్తే చనిపోయినవాళ్ల మాటలు పడ్డాయని ఏదో పత్రికలో చదివాడు.

"మన దిక్కు దయ్యాలకు కరువున్నదా? మిషిన్ మీ ఇంట్లనే ఉన్నది," అన్నాడు.

గానుగ షెడ్డులో ఒక కూలి మనిషి మరుగుతున్న బెల్లం పెనంలో పడి చనిపోయిందని జనం చెప్పుకునేవారు. మా వైపు దయ్యాలకు అర్ధరాత్రి ఎంతో మిట్టమధ్యాహ్నమూ అంతే. పిరికివాళ్లం కనుక మధ్యాహ్నాన్నే ఎంచుకున్నాం. పొయ్యి గట్టు మీద మిషన్ పెట్టి, బటన్ నొక్కి, దూరంగా చెరుకు తోట గట్టున కూర్చునేవాళ్లం. మొదట్లో గాలి చప్పుడు, గువ్వల కూతలు పడ్డాయి. ఒకసారి దగ్గు వినిపిస్తే దోస్తు ఎగిరి గంతేశాడు. అది మేకలు కాసే తాతది.

ఆ రోజుల్లోనే న్యాల్‌కల్ వైపు ఊళ్లో ఉండే వదిన తండ్రికి పక్షవాతం వచ్చింది. తల్లి లేదు, చూసేవాళ్లు లేరు. కొన్నాళ్లు వెళ్లి ఉంటానని వదిన మా అమ్మను అడిగింది.

"నా కొడుకు చెప్తే పో. నేనేమన్న అడ్డమా?" అంది అమ్మ.

అన్న నోటి మాట కోసం వదిన ఆ సాయంత్రం గది తలుపు వేసుకుంది. మర్నాడు క్యాసెట్ నా చేతిలో పెట్టింది. రాయికోడ్ మనిషి ఒకాయన శుక్రవారం సౌదీ వెళ్తున్నాడు, బస్టాండులో ఆయనకు ఇవ్వాలి.

"జర పైలం తమ్మీ. జవాబు జల్ది పంపుమని ఆయనతోని చెప్పు."

శుక్రవారానికి ఇంకా టైముంది. వదిన మాట్లాడాక టేప్ రికార్డర్ మొరాయిస్తే రిపేరుకిచ్చి ఉన్నాను, తెచ్చుకుందామని దోస్తు దుకాణానికి వెళ్లాను. బాగుచేసి సిద్ధంగా పెట్టాడు. దయ్యాల కోసం వాడే మా పాత క్యాసెట్ మాత్రం చిక్కుపడి తెగిపోయింది.

"నీ జేబుల గదేంది?"

"వదినది. శుక్రారం పంపాలె."

"ఒక్క దిక్కే మాట్లాడి ఉంటదిరా. ఇంకో దిక్కు ఖాళీనే గద. జర వాడుకుంటే అరుగుతదా?"

ఏ వైపు ఖాళీయో వేసి వింటే తెలిసేది. కానీ వదిన మాట వినకూడదు కదా. ఆ మర్యాద పాటించి, గానుగ షెడ్డుకు వెళ్లి, వినకుండానే ఒక వైపు పెట్టి బటన్ నొక్కాను. ఆమె మాటను వినకపోవడం మర్యాద అనుకున్నానే తప్ప, దాని మీద ఇంకొకటి రికార్డు చేయకపోవడం అంతకన్నా పెద్ద మర్యాదని తోచలేదు.

దుకాణానికి వచ్చి వేసి చూశాం. గాలి హోరు. దాని అడుగున, బావి లోపలి నుంచి వచ్చినట్టు, ఆడగొంతు.

"ఒక్క మాట చెప్పు... నన్ను పోనియ్యి... అప్ప నా తోవ సూస్తుండు..."

దోస్తు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. నా భయం వేరు. తండ్రిని అప్ప అని పిలిచేది మా ఇంట్లో వదిన ఒక్కతే. సాయంత్రం మిషన్ విప్పి చూస్తే, పాత మాటను చెరిపే హెడ్డుకు దోస్తు తీగ అతికించడం మరిచాడని అర్థమైంది. అందుకే కింద ఆమె మాట సగం చెరిగి సగం మిగిలింది. తీగ అతికించాను. నోరు మాత్రం విప్పలేదు.

వదినా, పొరపాటైంది, మళ్లీ ఒకసారి మాట్లాడు అంటే సరిపోయేది. రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా దోస్తు హోటల్ వాళ్లను పిలిచాడు, వాళ్లు ఇంకొందరిని పిలిచారు. నన్నెన్నడూ పలకరించని పెద్దమనుషులు భుజం మీద చెయ్యి వేసి "ఎట్ల పట్టిన్రు?" అని అడిగారు. శుక్రవారం రాయికోడ్ ఆయన ఉత్తచేతులతో వెళ్లిపోయాడు.

"ఇచ్చినవా తమ్మీ?"

"ఇచ్చిన వదినా."

కొన్నాళ్లకు సౌదీ నుంచి ఒకాయన వచ్చాడు. అన్న సబ్బులు, చీరగుడ్డ పంపాడు. వదిన సంచి అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికింది. క్యాసెట్ లేదు. అప్పటికే తండ్రికి మాట పడిపోయింది.

ఆ వారంలోనే దోస్తు దుకాణం ముందు మళ్లీ గుంపు చేరింది.

"అప్ప అంటున్నది, ఇది కన్నడం దయ్యమే."

"అంటే బీదర్ బస్సుల దిగిందంటవా?"

"టికెట్ తీస్కున్నదో లేదో అడుగురి!"

"మా అత్తగారు గూడ గిట్లనే గునుస్తది. జర చూసి చెప్పున్రి, ఆమె గాదు గద?"

అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. తలెత్తేసరికి గిర్ని నుంచి పిండి డబ్బా చంకన పెట్టుకుని వదిన నిలబడి ఉంది. క్యాసెట్ ఇంకా తిరుగుతోంది. నన్ను పోనియ్యి, అంటోంది. వదిన మిషన్ వైపు చూసింది, నా వైపు చూసింది, వెళ్లిపోయింది. ఆ పూట నా కంచంలో రొట్టె పెట్టి, తమ్మీ అనకుండా లోపలికి నడిచింది.

జొన్న కోతలకు ముందే ఆమె తండ్రి చనిపోయాడు. మట్టి చేసే రోజు మాత్రం వెళ్లివచ్చింది. ఆ తర్వాత ఆమె ఎన్నడూ టేప్ రికార్డర్ ముట్టుకోలేదు.

అన్న సెలవు మీద వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచాడు. "మీ వదిన అన్నం వెడ్తది, బట్టలు ఉతుకుతది, మాట్లాడదు. మామకు బాగలేదని ఒక్క మాట నాకు చెప్పి పంపలె. నేనేం జేసిన్రా?"

"ఆమె తీరే గంత అన్నా," అన్నాను. ఒకే అబద్ధంతో ఇద్దరినీ ముంచాను.

ఎనభైల చివర అన్న పూర్తిగా తిరిగి వచ్చి వేరే ఇల్లు కట్టుకున్నాడు. దోస్తు దుకాణం ఎత్తేసి ఊరు మారాడు. దయ్యం కథ నాకొక్కడికే మిగిలింది. కోహీర్‌లో ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఎవరో దయ్యం కథ చెప్పమన్నారు. అలవాటుగా మొదలుపెట్టాను, గొంతు మార్చి "నన్ను పోనియ్యి" అన్నాను కూడా. ఆడవాళ్ల వరుసలోంచి వదిన సగం తిన్న విస్తరి వదిలి లేచిపోయింది.

మర్నాడు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరూ వాకిట్లో కూర్చుని విత్తనపు అల్లం ఏరుతున్నారు.

"వదినా, ఆ క్యాసెట్ సంగతి చెప్పాలె," అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. "ఏం చెప్తవ్ తమ్మీ? ఆయన ఇన్నడు. ఇని నీకు పంపిండు. అన్నదమ్ములిద్దరు కలిసి నా ఏడుపును బజార్ల నవ్వులాటకు వెట్టిన్రు. గన్నేండ్ల సంది తెలుసు నాకు."

అన్న చేతిలోని అల్లం కొమ్ము కింద పెట్టాడు. "ఏం క్యాసెట్?"

వదిన మొదటిసారి తలెత్తింది. నా మొహం చూడలేదు, ఆయన మొహం చూసింది.

నిలబడి చెప్పే మాట కాదనిపించి నేల మీద కూర్చున్నాను.

"అన్నకు చేరలేదు వదినా. ఇచ్చిన అని నీకు అబద్ధం చెప్పిన. దయ్యాల కోసమని నీ మాట మీదనే రికార్డు జేసిన. నీ గొంతని తెల్సి గూడ నలుగుర్ల ఇనిపిచ్చిన, నవ్విన. ఆయన తప్పు ఏం లేదు. మీ అప్ప దగ్గరికి నువ్వు పోకుండ జేసింది నేను. నన్ను మాఫ్ చెయ్యి వదినా. అన్నా, నువ్వు గూడ."