పారేసే ముందు చూసే అప్ప

అప్ప పోయిందన్న సంగతి నాకు డిపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "హౌస్‌కీపింగ్ సిబ్బందిలో ఒకరు మరణించినందున రేపు ల్యాబు ఊడ్చబడదు. ఎవరి చెత్త వారే తీసుకెళ్లగలరు." అంతే. పేరు లేదు. ఎలా పోయిందో లేదు. దాని కింద మొదట వచ్చిన జవాబు బొటనవేలు బొమ్మ. పెట్టినవాడు మా సీనియరు. మనుషుల రాతల్లో బాధ ఉందో సంతోషం ఉందో యంత్రం చేత పట్టించడం అతని పరిశోధన.

అప్ప అంటే ఇక్కడ అక్క. మా ల్యాబు ఊడ్చే ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్లం. పద్మనాభం అవతల పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చేది. నేను ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలో పుట్టి పెరిగాను. మావాళ్లది కృష్ణా జిల్లా. చిన్నప్పుడు బడిలో విని వచ్చి ఇంట్లో "ఏటి" అంటే అమ్మ నోటి మీద ఒకటి వేసి "ఏమిటి అను" అనేది. పుట్టిన ఊరి మాట నాలుకకు అంటకుండా పెరగడమే మర్యాద అనుకుంటూ పెరిగాను.

అప్పకు ఒక అలవాటుండేది. చెత్తబుట్టను నేరుగా సంచిలో బోర్లించేది కాదు. పాత పేపరు పరిచి, దాని మీద గుమ్మరించి, చీపురు పుల్లతో అటూ ఇటూ కదిపి చూసి, అప్పుడు ఎత్తేది. మా వాళ్లు నవ్వేవాళ్లు. ఒకరోజు నా దిద్దు శీల పోయింది. ఇంజనీరింగు చదివిన నలుగురం నేల మీద పాకుతుంటే ఆమె వచ్చింది.

"ఏటి ఎతుకుతన్నారు పాపా?"

"దిద్దు శీల అప్పా. బంగారం."

"మరి నేలంతా దేవుతారేటి? పోయింది ఏదైనా ముందు సెత్తలో సూడాల."

రెండు నిమిషాల్లో, టీ కప్పు అడుగున అంటుకున్న శీలను తీసి కొంగుతో తుడిచి ఇచ్చింది. "పారీసే ముందు ఓపాలి సూత్తే సేతులేటీ అరిగిపోవు" అంది. ఆ మాట నచ్చి నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకోవడం నాకు బాగా వచ్చు.

మా ల్యాబు పని వినడానికి చాలా గొప్పగా ఉంటుంది. ఆసుపత్రికి ఫోను చేసి తెలుగులో మాట్లాడితే యంత్రమే విని పేరు రాసుకునే ఏర్పాటు చేస్తున్నాం. దానికోసం రకరకాల మనుషుల మాటలు రికార్డు చేస్తాం. నా పరిశోధన అంశం ఇంకా గొప్పది: తెలుగు మాటల డేటాలో వైవిధ్యం, పక్షపాతం. యంత్రం ఎవరి మాట వింటోంది, ఎవరి మాట వినడం లేదు అన్నది తేల్చాలి. అందుకే అప్పను మైకు ముందు కూర్చోమన్నాను. ఆమె ముందుగా కుర్చీని కొంగుతో దులిపింది.

"ఫరవాలేదు అప్పా, కూర్చో. నీకేం మొహమాటం?"

"మొగమాటం కాదు పాపా. మీరు కూకున్న కుర్సీ కదా, సిప్సు ముక్కలుంటాయి."

రోజూ చేసే పనులు చెప్పమన్నాను. చెప్పింది. తర్వాత, యంత్రం ఎంత బాగా వింటుందో చూపించాలని నాకు సరదా పుట్టింది. ఫోను ఆమె చేతిలో పెట్టాను. "నాను పద్మనాభం నుంచి వత్తన్నాను" అంది. తెర మీద "నాన్న పద్మనాభం నుంచి" అని పడింది. చదివి వినిపించాను.

"ఓలమ్మ! మా నాన్న పోయి ఇరవయ్యేళ్లయింది. ఇప్పుడాన్ని రప్పిత్తన్నాదేటి?" అని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "నీ మిసను సెవిటిది పాపా. నాను అంటే నాన్న అంటాది."

ఆ తర్వాత రోజూ పొద్దున్నే చీపురుతో లోపలికొస్తూ "మా నాన్న ఈయాల ఏటి రాసాడు?" అని అడిగేది. తన మాట కంప్యూటర్లో పెట్టారని బస్సులో అందరికీ చెప్పుకుందట.

రికార్డింగులను వినివిని వేరుచేయడాన్ని మేము శుభ్రం చేయడం అంటాం. ఎంత ముచ్చటైన మాట! ఎవరి మురికిని ఎవరు కడుగుతున్నారో చెప్పకుండానే చేతులు కడుక్కోవచ్చు. తెర మీద మూడు బటన్లుంటాయి: బాగుంది, సందేహం, చెత్త. ప్రామాణిక ఉచ్చారణ లేనివి చెత్తలోకి పోవాలని మా నియమాల కాగితంలో ఉంది. అప్ప రికార్డింగుకు నేను ముందు "సందేహం" నొక్కాను. మా గైడు సార్ నా వెనకే నిలబడి ఉన్నారు.

"సందేహం పెడితే మళ్లీ ఎవరు చూస్తారమ్మా? క్లీన్ చేయమన్నాను, జాలి చూపించమనలేదు."

"చెత్త" నొక్కాను. ఆయన నా చెయ్యి పట్టుకుని నొక్కించలేదు.

సార్‌ది తగరపువలస. క్లాసులో ఆయన తెలుగు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. కానీ వాళ్లమ్మ ఫోను చేస్తే వరండాలోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, "ఏటే అమ్మా, తిన్నావా? మందులేసుకున్నావా?" అంటారు. లోపలికొచ్చి మళ్లీ "ఎక్కడ ఉన్నాము?" అంటారు. ఆయన కన్నతల్లి మాట కూడా మా నియమాల ప్రకారం చెత్తే. ఆ నియమాలు రాసింది ఆయనే.

అప్ప సంతాప సభలో రెండు నిమిషాల మౌనం ఒక నిమిషం కూడా సాగలేదు. ఎవరి ఫోనో మోగింది. గోడకు మా సదస్సు పోస్టరు తగిలించి ఉంది. "అందరి గొంతుక" అని శీర్షిక, మధ్యలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని నవ్వుతున్న అప్ప ఫొటో. ఆ పోస్టరు చేసింది నేనే. సార్ దాని వైపు చెయ్యి చూపించి "ఆమె మన ల్యాబు వైవిధ్యానికి ముఖం" అన్నారు. నిజమే. ముఖమే. గొంతును మేము అప్పటికే పారేశాం. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కొందరు కొట్టారు. తర్వాత సమోసాలు పంచారు.

మర్నాడు అప్ప కూతురు వచ్చింది. అచ్యుతాపురం కంపెనీలో షిఫ్టు పని, అక్కడే రూము. మెట్ల కింద ఉన్న అమ్మ టిఫిను డబ్బా, చెప్పులు సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ ఆగింది.

"మేడం, మా అమ్మ మాట మీ కంప్యూటర్ల ఉందంట కదా. నాకోపాలి ఇనిపిత్తారా? ఫొటోలున్నాయి గానీ మాట లేదు. రోజూ ఫోన్ల మాటాడుకునీవోలం. ఎవులు దాసుకుంటారు మేడం?"

ఎక్కడుందో చెప్పకుండా, రెండు రోజుల్లో పంపిస్తానన్నాను. అది గురువారం. చెత్త ఫోల్డరును శనివారం పూర్తిగా తీసేస్తున్నారు. సార్‌ను అడిగితే, "ఆ చెత్త కోసం సర్వరు ఆపమంటావా?" అన్నారు. అడగడం మానేసి వెతకడం మొదలుపెట్టాను.

ఆ ఫోల్డరులో పేర్లుండవు, అంకెలే. ఒక్కొక్కటీ వినాలి. శుక్రవారం పొద్దున్నుంచి విన్నాను. చేపల ధర చెబుతున్న ఆడమనిషి. ఆటో నడిపే ఆయన, మాటకు ముందొక బావా, వెనకొక బావా. వరి నాట్ల గురించి చెప్పే ముసలాయన. ఏ ఒక్కరి మాటలోనూ నత్తి లేదు, తడబాటు లేదు. అందరూ నాను, నాను, నాను అంటున్నారు. "నేను" అన్నవాళ్లను పక్క ఫోల్డరులో భద్రంగా దాచాం. ఊరి పేరు చెప్పుకుని, ఊరి డబ్బుతో చదువుకుంటూ, మేము చెత్త అని రాసిన చోట ఊరంతా ఉంది. వైవిధ్యం మీద పరిశోధన చేస్తున్న నేను మూడేళ్లుగా దాన్ని ఊడ్చి పారేస్తున్నాను. అప్ప అయితే కనీసం పేపరు పరిచి చూసేది.

సాయంత్రానికి దొరికింది. అప్పది ఒక్కటే కాకుండా ఫోల్డరు మొత్తాన్ని నా డిస్కులోకి ఎక్కించుకున్నాను. తర్వాతి వారాల్లో నా థీసిస్ మొదటి అధ్యాయాన్ని చించేసి అక్కడి నుంచి మళ్లీ రాశాను. ఎవరు ఏ నియమం రాశారో, నేను ఏ బటను నొక్కానో అందులో ఉంది. సార్ అంచున ఎర్రసిరాతో "ఇది శాస్త్రం కాదు" అని రాసి తిప్పి పంపారు. సంతకం ఇంకా పెట్టలేదు. ఆయన సంతకం లేకపోతే నాకు పట్టా లేదు. ఆ అధ్యాయం మాత్రం తీయను.

అన్నట్టే ఆ శనివారం కూతురు మళ్లీ వచ్చింది. ఎక్కడ దొరికిందో దాచకుండా చెప్పాను. నా ముఖంలోకి చూసి, "సెత్తలో ఏసినట్టు మా అమ్మకి సెప్పలేదు కదా?" అంది. లేదన్నాను. "మంచిపని సేసారు" అని, రికార్డింగు తన ఫోనులో ఎక్కించుకుని మెట్ల మీద కూర్చుంది. స్పీకరు పెట్టింది.

"నాను బేగి లేత్తాను. బస్సెక్కుతాను. మీరు రాకముందే ఊడిసీసి, మీరొచ్చాక మళ్లీ ఊడుత్తాను..." మధ్యలో నవ్వు. చివర మైకుకు దగ్గరగా జరిగి, "అయిపోనాదా పాపా? బాగా సెప్పేనా?"

ఆ తర్వాత కొంచెంసేపు ఏమీ వినపడదు. అప్పుడు నేను తెర వైపు చూస్తున్నాను. ఆ తర్వాతే నా గొంతు వస్తుంది, ప్రామాణికంగా, శుభ్రంగా: "చాలా బాగా చెప్పావప్పా."

కూతురు మళ్లీ పెట్టింది. మళ్లీ. మూడోసారి, అమ్మ ప్రశ్న అయిపోగానే, నా మాట రాకముందే ఫోను మీదికి వంగి, "బాగా సెప్పేవే అమ్మా" అంది. నా గొంతు వచ్చే చోటికి బొటనవేలితో ఆపేసి, మొదటికి తిప్పింది.