శెట్టన్న కోసం కొన్న దండ

కర్నూలులో డిగ్రీ చదివే రోజుల్లో నాకూ, నా మిత్రుడు మస్తాన్‌కూ నెట్ సెంటరే లోకం. ఆన్‌లైన్ యుద్ధాల ఆటలో మాదొక దళం. మా లీడరును ఎన్నడూ చూడలేదు. బద్వేలు బస్టాండు పక్కన కిరాణా అంగడి ఉందని చెప్పాడు కాబట్టి శెట్టన్న అనేవాళ్లం.

ఉన్నట్టుండి శెట్టన్న ఆటలోకి రావడం మానేశాడు. లీడరు తనంతట తాను పదవి అప్పగించకపోతే దళమే రద్దవుతుంది. ఇంతలో బద్వేలులో ఎవరో కిరాణా శెట్టి పోయాడని మస్తాన్ విన్నాడు. మనసాగక ఇద్దరం బస్సెక్కాం. ఫొటోకు వేద్దామని బంతిపూల దండ కూడా కొన్నాం.

అంగడి ముందు నిలబడి, కర్నూలు నుంచి ఆటవాళ్లం వచ్చామనగానే గల్లా దగ్గరున్న మనిషి ఎగిరి లేచాడు.

"నేనేనప్పా మీ లీడర్ని! నాయనకు కాలు ఇరిగినాది. గల్లా ఇడిసి యాడికీ పోలేకుండా ఉండా. అవునూ, ఆ దండ ఎవురికి?"

నేను దండను వెనక్కి దాచబోయాను.

"కొత్త లీడరుకేనన్నా!" అంటూ మస్తాన్ నన్ను ముందుకు తోశాడు.

"శానా మంచి పని చేసినారు. నాయన బాగున్నప్పుడు అన్నానికి లేచినా ఆ చోట్లో నేను కూసుంటా ఉంటి. గల్లా ఖాళీగా పెట్టకూడదప్పా" అని శెట్టన్న ఆ దండ నా మెడలోనే వేశాడు. వదినను గల్లా దగ్గర కూర్చోబెట్టి, నెట్ సెంటరుకొచ్చి దళం నాకు అప్పగించాడు.

ఆ దండ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఈ పేజీ పొట్లాల కాగితమై ఆ అంగడికే చేరితే నా గతేమిటో!