కుడికి తిరగని స్టీరింగ్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. చాలా ఏళ్లుగా సికింద్రాబాద్ రోడ్ల మీద ఆడవాళ్లకు కారు నేర్పుతున్నాను. రాంగ్ సైడులో ఎదురొచ్చే బైకులను రోజూ చూసేదాన్ని, ఇంక దయ్యాలు నన్నేం భయపెడతాయి? ఆదివారం చర్చికి వెళ్తాను, మిగతా రోజుల్లో బ్రేకును నమ్ముకుంటాను.

సుజాతది సైనిక్‌పురి. భర్త గుండెపోటుతో పోయాడు. బతికున్నన్నాళ్లూ ఆమెను స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదట. ఇప్పుడు కూతురి కాలికి ఆపరేషన్ అయింది, ఫిజియోథెరపీకి కార్ఖానా ఏరియాలోని క్లినిక్‌కు తీసుకెళ్లాలి. భర్త అన్న, అంటే ఆమె బావగారు, "నీవల్ల గాదు, బండి నాకిచ్చి మీరిద్దరు మా ఇంట్లనే ఉండుండ్రి" అని పట్టుబట్టాడు. ఆ గడప తొక్కితే ఇక తన బతుకు తనది కాదని ఆమె భయం. అందుకే భర్త కారులోనే నేర్పమని నన్ను పిలిచింది.

అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను. స్టీరింగ్‌ను గడియారం అనుకుంటే ఒక చెయ్యి తొమ్మిది దగ్గర, ఇంకోటి మూడు దగ్గర ఉండాలి. చపాతీ పిండిలా పిసకకూడదు. కదిలే బండిలో మలుపు అయ్యాక పట్టు సడలిస్తే చాలు, స్టీరింగ్ చక్రం దానంతటదే నేరుగా వస్తుంది. నిలబడ్డ బండిలో మాత్రం ఎటు వదిలితే అటే ఉంటుంది.

గ్రౌండులో చక్కగా నడిపింది. చిక్కంతా వాళ్ల గల్లీ చివర వచ్చింది. అక్కడ కుడికి తిరిగితేనే మెయిన్ రోడ్డు. ఆమె తిప్పబోతే స్టీరింగ్ మొండికేసేది. సీటు మారి నేను తిప్పితే వెన్నలా తిరిగేది. మెకానిక్ చూసి ఏ లోపమూ లేదన్నాడు. భయంతో బిగుసుకుపోతున్నావని నేనే ఆమెను కసిరాను.

ఒక రోజు మధ్యాహ్నం మళ్లీ గల్లీ చివర ఆమె కుడికి తిప్పబోయింది. చక్రం గిర్రున ఎడమకు పోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగేసరికి కారు గోడను రాసుకుని ఆగింది. నా తలుపు తెరుచుకోదు. ఆమె వైపు ఒక ఆటో దూరి ఇరుక్కుంది. వెనక నీళ్ల ట్యాంకర్ ఆపకుండా హారన్ కొడుతోంది. ముందు కుడివైపు మాత్రమే జాగా ఉంది, స్టీరింగ్ కుడికి తిరిగితే తప్ప బయటపడే దారి లేదు.

ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, కానీ ఇంజిన్ నడుస్తూనే ఉంది. తాళంచెవి తీసేస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది, తాళంచెవి లోపలే ఉంది. చక్రం అడుగున పట్టుకుని నా వైపు లాగాను. అలా లాగితే కుడికి తిరగాలి. కాస్త వచ్చి మళ్లీ వెనక్కి పోయింది. లాక్ అలా లాగదు. అటు నుంచి మనిషి గుంజినట్టుంది.

సుజాతే పట్టుకుందేమోనని చూశాను. ఆమె చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.

పరుగెత్తడానికి తలుపు లేదు.

"వదులు," అంది సుజాత. "పాపను తీస్కపోవాలె. ఇగ చాలు, వదులు."

నాకే చెబుతోందనుకుని చెయ్యి తీసేశాను. ఆమె నా వైపు చూడటం లేదు. ఎవరూ ముట్టుకోని స్టీరింగ్, నిలబడ్డ కారులో, మెల్లగా తిరిగి నేరుగా వచ్చి ఆగింది. సుజాత దాన్ని పట్టుకుని కుడికి తిప్పింది. ఏ అడ్డూ లేకుండా తిరిగింది. గల్లీ దాటి మెయిన్ రోడ్డెక్కాం.

ఇప్పుడు కూతుర్ని కార్ఖానాకు తనే తీసుకెళ్తోంది. బావగారు బండి ఊసెత్తడం మానేశాడు. ఆ చక్రం ఎలా తిరిగిందో నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. ఎంతమంది మెకానిక్‌లను అడిగినా అలా జరగదనే అంటారు. భయం వేయలేదా అని సుజాతను ఒకసారి అడిగాను.

"పెండ్లయినప్పటి సంది మా ఆయన గట్లనే గుంజిండు మేడం," అంది. "వదలమని నేను అడిగింది ఆ ఒక్కనాడే."