ఎర్ర మూత, నీలం మూత

నా చిన్నప్పుడు మాకు అన్యాయం చేసినవాళ్ళ జాబితా ఒకటి నా మనసులో ఉండేది. అందులో కొన్నాళ్ళు అందరికంటే పైన ఉన్న పేరు ఒక డాక్టరమ్మది. ఆ పేరును ఇష్టంగానే కొట్టేశానని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ కడుతున్న రోజులవి. మా నాన్న అక్కడ వెల్డింగు పని చేసేవాడు. పనివాళ్ళ రేకుల ఇళ్ళ వరసలో మాది నాలుగో నంబరు. మా తమ్ముడు నెలలు నిండకుండా, ఒక నెల ముందే పుట్టాడు. పాలు తాగుతూ తాగుతూనే అలిసిపోయి నిద్రపోయేవాడు. అంతకుముందు పుట్టిన చెల్లి మాకు దక్కలేదు కాబట్టి, వీడికి పేరు పెట్టే మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. వాడు బరువు పెరుగుతాడా లేదా అన్నదొక్కటే అందరి బెంగ.

అప్పుడే విజయవాడ నుంచి డాక్టరమ్మ వచ్చింది. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఒక చుక్కల మందు పనిచేస్తుందో లేదో పరిశోధన చేస్తున్నారట. ఒప్పుకున్న ఇంటికల్లా ఒక సీసా ఇచ్చి, రోజూ ఐదు చుక్కలు పోయమంది. ప్రతి బుధవారం వచ్చి పిల్లల్ని తూస్తానంది. కొన్ని సీసాల్లో మందు ఉంటుందనీ, కొన్నిట్లో ఉత్త తీపి నీళ్ళేననీ దాచకుండా చెప్పింది. మాకు నీలం మూత సీసా వచ్చింది. పక్కింటి అక్క కొడుక్కి ఎర్ర మూతది వచ్చింది.

గవర్నమెంటు ఆస్పత్రికి సీసా పట్టుకెళ్తే పోసిచ్చే మందు ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. కాబట్టి ఎర్ర మూతలో ఉన్నదే అసలు మందనీ, మాకు నీళ్ళు అంటగట్టారనీ తేల్చేశాను. రేషన్ కొట్లో మా వంతు వచ్చేసరికే పంచదార అయిపోవడం, బళ్ళో నన్ను ఎప్పుడూ వెనక వరసలో కూర్చోబెట్టడం, వాటి పక్కన ఇదీ చేరింది. నాయనమ్మతో మొరపెట్టుకుంటే, ప్రార్థన చేసి పోస్తే నీళ్ళైనా పనిచేస్తాయి పొమ్మంది.

ఇక నేనే పూనుకున్నాను. మా సీసా పరికిణీలో దాచుకుని పక్కింటికి వెళ్ళాను. బతిమాలడానికీ, ఏడవడానికీ, తప్పకపోతే దెబ్బలాడటానికీ సిద్ధపడే వెళ్ళాను. మార్చుకుందామా అని అడిగీ అడగకముందే అక్క మా సీసా అందుకుని తనది నా చేతిలో పెట్టేసింది. ఇంట్లోవాళ్ళు కనిపెట్టకుండా మూతలు కూడా తనే మార్చింది. కోరింది దొరికింది, కానీ ఇంటికొచ్చేసరికి నాకు మళ్ళీ మంట మొదలైంది. అంత సులువుగా ఎందుకిచ్చింది? నేనే మోసపోయానా?

సీసా అడుగున అంటించిన కాగితం మీద ఇంటి నంబరు ఉంటుందని మా ఇద్దరికీ తట్టలేదు. బుధవారం డాక్టరమ్మ సీసా తిరగేసి, నాలుగో ఇంట్లోకి ఐదో నంబరు ఎలా వచ్చిందని అడిగింది. నేను ఆగలేక నా ఫిర్యాదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. మా అమ్మ చెయ్యెత్తింది. ఇంతలో పక్కింటి అక్క కూడా కొడుకుని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీరు వాళ్ళింట్లోనే ఎక్కువసేపు కూర్చుంటారండీ. అసలు మందు వాళ్ళకే ఇచ్చారనుకున్నా" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. ఇద్దరు పిల్లల్నీ చాప మీద పక్కపక్కన పడుకోబెట్టి, ఎవరు ఎక్కువ బరువున్నారో చూసి చెప్పమంది.

"చెప్పేదేముందండీ, వాడు గుమ్మడికాయ. మావాడు చీపురుపుల్ల" అంది మా నాయనమ్మ.

"బాగుంది మామ్మగారూ. మీవాడి బుగ్గలు చూసి మాట్లాడండి. మావాడికి ఎముకలు లెక్కపెట్టచ్చు" అంది అక్క.

మా వరసలో ఏ ఇంట్లోనూ తమ బిడ్డ బాగున్నాడని నోటితో అనరు. తర్వాత డాక్టరమ్మ ఒక్కొక్కరినీ గుడ్డ ఉయ్యాలలో వేసి త్రాసుకు తగిలించింది. ముల్లు ఇద్దరికీ ఒకే గీత దగ్గర ఆగింది. నాయనమ్మ నమ్మక మళ్ళీ తూయించింది. అదే గీత. పైగా కిందటి వారంకంటే ఇద్దరూ పెరిగారు. మా అమ్మ చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

అయితే అసలు మందు ఏ మూతలో ఉందని నేను పట్టుబట్టాను.

"నాకూ తెలీదమ్మా. ఆ సంగతి రాసిన కాగితం కవర్లో పెట్టి అంటించి మా పెద్దాయన దగ్గర ఉంచాం. తెలిస్తే నేనూ మీ నాయనమ్మలాగే చూస్తాను" అంది డాక్టరమ్మ.

అంత చదువుకున్న మనిషి తెలీదని చెప్పడం నేను అంతకుముందు వినలేదు. తన కళ్ళను తానే నమ్మకుండా జాగ్రత్తపడే మనిషిని చూడనూ లేదు. మేం సీసాలు మార్చిన సంగతిని ఆవిడ తన పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసి, సరిగ్గా రాశానా అని నాకే చదివి వినిపించింది. నా ఫిర్యాదును కాగితం మీద పెట్టిన మొదటి మనిషి ఆవిడే. జాబితాలోంచి ఆవిడ పేరు నేను కొట్టేసింది ఆ క్షణంలోనే.

వానలు వెనకబట్టాక ఆవిడ మళ్ళీ వచ్చి, కవరు తెరిచారనీ, మందు పోసిన పిల్లలకీ పోయని పిల్లలకీ తేడా ఏమీ రాలేదనీ ఇంటింటికీ చెప్పింది. అప్పటికి మా తమ్ముడికి పేరు పెట్టేశాం. వాడు బోర్లాపడి డాక్టరమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంటున్నాడు.

"అయితే ఇన్నాళ్ళ తిరుగుడూ దండగేనా తల్లీ?" అని నాయనమ్మ జాలిపడింది.

"దండగేంటండీ. ఇక ఏ బిడ్డ నోట్లోనూ దీన్ని పోయక్కర్లేదు" అంది ఆవిడ, మా తమ్ముణ్ణి ఎత్తుకుని. పరీక్ష పాసైనవాళ్ళ ముఖంలా ఉంది ఆవిడ ముఖం.

నాకు అన్యాయం జరిగిందని ఇప్పటికీ రోజుకొకసారైనా అనిపిస్తుంది. మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర బ్యాంకులో నా వెనక వచ్చినావిడను ముందు పంపేశారు. ఫిర్యాదు పుస్తకం అడిగి తీసుకుని, పెన్ను తెరిచాక ఆగాను. ఆవిడ నా వెనకే వచ్చిందని నాకు నిజంగా తెలుసా? తెలీదు. వెళ్ళి అడిగితే, పొద్దున్నే టోకెన్ తీసుకుని బయట కూర్చుందట. ఆ ఫిర్యాదు మానుకున్నాను. ఫ్యాను తిరగడం లేదని మాత్రం రాసే వచ్చాను, రెండుసార్లు స్విచ్చి వేసి చూశాకే.