పురిటికి వెళ్లిన పిల్ల

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా ఫోను తెరిచేసరికి మా అన్న పంపిన వీడియో ఒకటి కనబడింది. కింద ఏడుపు బొమ్మలూ కోపం బొమ్మలూ వరసగా పేర్చి, మన ఆటకి రెండో భాగం తీస్తున్నారట, చూసి ఏడు, అని రాశాడు. బ్యాంకులో మేనేజరు కుర్చీలో కూర్చునే మనిషి, గడ్డం నెరిసిన మనిషి, ఒక వీడియో గేము గురించి ఇలా శోకాలు పెట్టడమేమిటని మీకు నవ్వు రావచ్చు గానీ, మా ఈడువాళ్లలో అలాంటి ఆటలు ఆడినవాళ్లెవరూ నవ్వరు. మనమే ఒక కుర్రాడిగా మారిపోయి, తోడుగా ముగ్గురిని కూడగట్టుకుని, ఊరూరా తిరుగుతూ, ఎదురుపడిన ప్రతివాళ్లనీ పలకరిస్తూ, దారిలో రాక్షసులతో కొట్లాడుతూ, నెలల తరబడి ఒకే కథలో కాపురం చేసే రకం ఆట అది. నేనూ ఆత్రంగా చూశాను.

చూస్తూ ఉండగా ఆ పిల్ల వచ్చింది. రెండు జడలు, చేతిలో లాంతరు, ఎవరికి దెబ్బ తగిలినా పచ్చటి వెలుగు చల్లి బాగుచేసే మా పిల్ల. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, ఇన్నాళ్లకి వచ్చావా తల్లీ, అనుకుని కింద జనం ఏమి రాశారో చదువుదును కదా, ఒక్కడి మొహానా సంతోషం లేదు. చచ్చిపోయిన పిల్లని లేపుకొస్తారా, సిగ్గులేదా మీకు, అని ఒకడు. ఆ చావు కోసమే కదా మేమంతా అంత ఏడ్చింది, దాన్ని ఉత్తుత్తి చేస్తారా, అని ఇంకొకడు. ఏ దేశంవాడిని చూసినా అదే గోల. చచ్చిపోవడమేమిటి? ఎప్పుడు చచ్చిపోయింది? మాకు తెలిసినంతవరకు ఆ పిల్ల పురిటికి పుట్టింటికి వెళ్లింది.

ఇదేం విడ్డూరమో చెప్పాలంటే మిమ్మల్ని బిట్రగుంట రైల్వే కాలనీకి తీసుకుపోవాలి. మా నాన్న గూడ్సు గార్డు. మద్రాసు డ్యూటీ పడినప్పుడల్లా హార్బరు దగ్గర దొంగసరుకు అమ్మే బజారులో ఏదో ఒకటి కొని మోసపోయి రావడం ఆయనకు అలవాటు. తెరుచుకోని గొడుగు ఒకసారి, తెరిస్తే మూసుకోని గొడుగు ఇంకోసారి. అన్న ఇంటర్ పాసై కంప్యూటరు కావాలని ప్రాణాలు తోడేస్తుంటే, ఆయన బూడిదరంగు పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. అంగడివాడు ఇది కంప్యూటరుకి సొంత తమ్ముడు సార్ అన్నాడట. టీవీకి తగిలిస్తే ఆట వచ్చింది. ఆట బ్రహ్మాండంగా ఉంది గానీ, అందులో మనుషులు నోరు తెరిస్తే కింద వచ్చే అక్షరాలు చైనావో జపానువో, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పెట్టెతో వచ్చిన డిస్కు అదొక్కటే. నాన్న ఆ సాయంత్రం అన్నం తినకుండానే డ్యూటీకి వెళ్లిపోయారు.

ఆ సంవత్సరం మా పిన్ని మా ఇంట్లోనే ఉంది. అమ్మకు ఆఖరి చెల్లెలు; చిట్టమూరు దగ్గర పల్లెలో బడిపంతులుకిచ్చి చేశారు. అమ్మమ్మ అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది గనక, తొలికాన్పుకి మా క్వార్టరే ఆమెకు పుట్టిల్లయింది. ఆడపిల్ల పుట్టింది, పుట్టినట్టే పోయింది. చిన్నాన్న వచ్చి తీసుకుపోతానంటే పిన్ని కదల్లేదు. బండి నిండా చీరలూ గాజులూ పెట్టుకుని బయల్దేరిన ఊళ్లో ఒట్టి చేతులతో బస్సు దిగడం తన వల్ల కాదంది. దిగీ దిగగానే బిడ్డేదమ్మా అని అడిగే నోళ్లు ఎన్ని ఉంటాయో ఆమెకు తెలుసు. అలా వారాలు నెలలయ్యాయి. ముందుగదిలో మంచం మీద కూర్చుని గోడ వంక చూసేది. అమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, ఆ మాట ఎత్తారంటే చర్మం వలుస్తానని చెప్పింది. చిన్నాన్న మాత్రం నెలకోసారి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాసేపు కూర్చుని, వచ్చిన రైల్లోనే తిరిగి వెళ్లేవాడు. ఇలాగే ఉంటే ఆ కాపురం నిలవదని పెద్దవాళ్లు గుసగుసలాడుకోవడం మాకు వినిపిస్తూనే ఉండేది.

టీవీ ఆ గదిలోనే ఉండేది గనక ఆట కూడా పిన్ని ఎదుటే. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, జువ్వలదిన్నె నుంచి చేపల గంప తెచ్చే అక్క ఇచ్చిన వంజరం పులుసుతో సుష్టుగా భోంచేసి అన్న రిమోటు పట్టుకున్నాడు. ఆటలో ఒక ముసలాయన ఏదో చెబుతున్నాడు, అక్షరాలు వస్తూనే ఉన్నాయి, అర్థంకాని అన్న విసుగ్గా బటను టకటకా నొక్కుతున్నాడు. ఉన్నట్టుండి మంచం మీద నుంచి పిన్ని గొంతు వినిపించింది. “అంత తొందరేందిరా నీకు. పెద్దాయన ఏందో చెప్పుకుంటుండాడు గదా, ఇననీ.” ఎన్ని వారాల తర్వాతో ఆమె తనంతట తాను మాట్లాడిన మాట అది. వంటింట్లో అమ్మ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. అన్న తెలివైనవాడు, ఏం చెబుతుండాడు పిన్నీ, అని అడిగాడు.

పిన్ని చెప్పింది. పెళ్లికి ముందు ఆమె సండేస్కూలు టీచరు. ఫ్లానెల్ గుడ్డ మీద రంగు బొమ్మలు అతికించి పిల్లలకి బైబిలు కథలు చెప్పేది. చేప మింగిన మనిషి బొమ్మ పోతే ఓడ కట్టిన ముసలాయన్నే చేప నోట్లోంచి బయటికి లాగి, కథకి ఏ లోటూ రానిచ్చేది కాదని ఆమెకు పేరు. బొమ్మలుంటే చాలు, మాటలు ఆమెవి. ముసలాయన కూతురు దారి తప్పింది గనక వెతికిపెట్టమంటున్నాడంది. పిల్ల కనబడింది, ముసలాయనా తోడొచ్చాడు, కొండ దగ్గర ఒక తోడేలు కూడా చేరింది. ఊరి నడుమ గంటలు మోగి పూలు కురిసిన ఘట్టం వస్తే, కుర్రాడికీ పిల్లకీ పెళ్లయిపోయిందని తేల్చేసింది. మా పక్క క్వార్టర్ల పిల్లలంతా ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలోనే. ఆటలో కొట్లాట వస్తే ఒకళ్లు కొట్టేదాకా రెండోవాళ్లు కదలకుండా నిలబడేవాళ్లు. అది చూసి మా అమ్మ, రేషనంగడి దగ్గరైనా ఇంత వరస ఉండదే అని నోరు నొక్కుకునేది. పిన్ని నవ్వేది. ఆమె నవ్వడం కోసం అమ్మ అదే మాట ప్రతి వారమూ అనేది.

అలా వేసవి దాటాక ఆ ఘట్టం వచ్చింది. రాతిమేడ మీద తెల్లటి వెలుగు. లాంతరు కింద పెట్టి పిల్ల ఆ వెలుగులోకి నడిచింది, రాతితలుపు మూసుకుంది. కుర్రాడూ ముసలాయనా తోడేలూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఆ తర్వాత అన్న ఎన్ని బటన్లు నొక్కినా ఆమె బొమ్మ ఉండాల్సిన చోట నల్లటి గడి. నాకు ముక్కు ఎగబీలుతోంది. మేమందరం తెర వదిలేసి పిన్ని వంక చూశాం. ఆమె మొహం పాలిపోయింది. అమ్మ గబగబా వచ్చి టీవీ ఆపబోయింది. అప్పుడు పిన్ని, “ఏడుస్తారేందిరా, పురిటికి పోయింది. నెలలు నిండినా రాక్షసులతో కొట్లాడతా ఉంటే పుట్టింటోళ్లు ఊరుకుంటారా?” అంది.

అంతే, మాకందరికీ సమాధానమైపోయింది. తర్వాతి ఆదివారాల్లో ఆటలో ఏం జరిగినా పిన్ని కథ మాత్రం ఆ పుట్టింటి చుట్టూనే తిరిగేది. అక్కడ వాళ్లమ్మ బాలింతలకిచ్చే కాయం దంచి ఉండలు కట్టి పెడుతోందట, నలుగు పెట్టి కాగులో వేణ్ణీళ్లు పోస్తోందట. తెర మీద అవేవీ లేవు, మాకు మాత్రం కనబడేవి. ఆ నెలలో చిన్నాన్న వచ్చినప్పుడు, ఎవరూ ఏమీ అనకుండానే పిన్ని పెట్టె సర్దుకుని ఆయన వెంట బయల్దేరింది. ఏమనుకుని వెళ్లిందో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆమెకు తర్వాత ఇద్దరు మగపిల్లలు. అన్న ఆటని చివరిదాకా ఆడాడు గానీ చెప్పే మనిషి లేక అది ఒట్టి బొమ్మలాటలా తేలిపోయింది. క్రిస్మస్‌కి పిన్ని వచ్చినప్పుడు, ఆ పిల్ల ఎప్పుడొస్తుందని అడిగితే, బిడ్డకి నెలలు రావద్దా, అప్పుడే ఎట్టా వస్తాది, అంది.

ఇదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, నేను గాబరా పడనా? అన్నకి ఫోను చేసి, ఆ పిల్ల చచ్చిపోయిందా అని అడిగితే పగలబడి నవ్వాడు. చెన్నైలో చదివే రోజుల్లోనే ఇంటర్నెట్టులో చదివి తెలుసుకున్నాడట. నాకెందుకు చెప్పలేదంటే, నువ్వడగలేదు కదా అన్నాడు. ఏమనాలి ఇలాంటివాణ్ణి! పైగా కొత్త ఆట మీద గంటసేపు దండకం చదివాడు. పాత ఆట తీసినవాళ్లు ఒక్కరూ ఇందులో లేరట, కొట్లాటలో వరస తీసేసి అందరూ ఒకేసారి మీదపడేలా చేశారట, పిల్లకి గొంతు పెట్టారట, అది రైల్వేస్టేషనులో అనౌన్సుమెంటులా ఉందట. మరి కొనవా అంటే నీళ్లు నమిలాడు. ముందుగానే డబ్బు కట్టేశాడని తర్వాత వదిన చెప్పింది. తిట్టేదీ వీళ్లే, ఎగబడేదీ వీళ్లే. వాళ్లని చూసి నవ్వుదామంటే నాకూ అదే తికమక. ఆ పిల్ల రావాలని ఉంది, వస్తే ఏమవుతుందోనని భయంగానూ ఉంది.

భయం ఎందుకంటే, పిన్ని ఇప్పుడు నెల్లూరులో మా ఇంట్లోనే ఉంది, కంటిలో శుక్లం తీయించుకోవడానికి వచ్చి. అన్న అరుపులు ఫోనులోంచి ఆమె చెవిన పడనే పడ్డాయి. ఏమ్మే, మన పిల్ల వచ్చిందంట గదా, చూపీ, అని మొదలుపెట్టింది. డాక్టరు వద్దన్నాడని నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. ఆ వీడియోలో ఒకచోట పిల్ల ఒక సమాధి ముందు నిలబడి ఉంటుంది. అది ఆ పిల్లదేనని జనమంతా రాశారు. ఎవరి సమాధో తెలియదని ఇంకెవరితోనైనా బుకాయించవచ్చు, బొమ్మలు చూసి కథ చెప్పే మనిషితో ఎలా బుకాయిస్తాను? పురిటికి వెళ్లిందన్న ఆ ఒక్క మాట పట్టుకునే కదా ఆమె ఆ రోజు మంచం దిగింది. అది అబద్ధమని ఈ వయసులో, నా చేతుల మీదుగా ఆమెకు తెలియాలా? అన్నని అడిగితే పొద్దున చూపించొద్దన్నాడు, సాయంత్రం చూపించమన్నాడు. ఒక్క మాట మీద నిలబడే వంశం కాదు మాది.

చివరికి నిన్న మధ్యాహ్నం, ఇక ఫోను చూడొచ్చని డాక్టరు అనేశాడు, నాకింక సాకు మిగల్లేదు. పిన్ని నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఫోను చేత్తో పట్టుకుని చూసింది. పిల్ల కనబడగానే మొహం విప్పారింది. మళ్లీ పెట్టమంది. రెండోసారి సమాధి దగ్గర తానే వేలితో నొక్కి ఆపింది. చాలాసేపు చూసి, ఎంతో మెల్లగా అంది: “సమాధి చిన్నదిగా ఉండాది గదమ్మే. బిడ్డ దక్కలేదు దానికి. అందుకే ఇన్నేండ్లు రాలేకపోయినట్టుండాది.”

నేను భయపడిందొకటి, ఆమె చూసిందొకటి. మరి మీ అన్న ఎందుకట్టా అరుస్తుండాడు అని అడిగింది. ఆ పిల్ల తిరిగి రావడం జనానికి ఇష్టం లేదు పిన్నీ, అన్నాను. ఆమెకి ఎక్కడలేని కోపం వచ్చింది. “ఎంత కష్టపడి లేచొచ్చిందో వాళ్లకేం తెలుసు! తిరిగొచ్చిన పిల్లని ఎందుకొచ్చినావని అడుగుతారా ఎవురన్నా?” అంది. చిట్టమూరులో బస్సు దిగిన రోజు ఆమెను ఎవరు ఏమడిగారో నేనెప్పుడూ అడగలేదు, నిన్నా అడగలేకపోయాను. ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, అంతే.

ఆ పిల్ల చచ్చిపోయిందో పురిటికి వెళ్లిందో, లోకమంతా చెప్పేది నిజమో మా ముందుగదిలో విన్నది నిజమో, నాకు ఇప్పటికీ తేలలేదు. కొత్త ఆట మంచిదో చెడ్డదో కూడా చెప్పలేను. అప్పుడా డిస్కులో మాకు అర్థమయ్యే మాట ఒక్కటీ లేదు గనక మా పిన్ని దుఃఖమంతా అందులో పట్టింది. ఇప్పుడు పది భాషల్లో వస్తుందట, ప్రతి బొమ్మకీ గొంతు ఉంటుందట, ఎవరికి ఏం జరిగిందో అన్నీ వాళ్లే విడమరిచి చెబుతారట. అంతా వాళ్లే చెప్పేశాక, దక్కని ఆ బిడ్డ సంగతి ఇంకెవరు చెబుతారు?