పాట మధ్యలో ఆ ఆగడం

చాలా ఏళ్ళుగా ఒక పాట ముక్కను మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా సరి కాదేమో, అదే నన్ను పట్టుకుని ఉంది. ఏలూరు బస్టాండులో ఎవరి ఫోనో మోగుతుంది, అదే. తాడేపల్లిగూడెంలో పెళ్ళి ఊరేగింపు ఎదురొస్తుంది, బ్యాండువాళ్ళు వాయించేది అదే. వంటింట్లో మా ఆవిడ కూనిరాగం తీస్తుంది, అదీ అదే. అందరూ నాది అనుకుంటున్న ఆ బాణీ నాది కాదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకే చెబుతున్నాను.

మాది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి హార్మోనియం పట్టుకున్నాను. మా నాన్న దృష్టిలో నేను చేసిన పెద్ద తప్పు అదే. ఇప్పుడు చెప్పబోయేది ఆయనకు తెలియదు. తర్వాత ఏలూరులో ఒక మేడ మీద చిన్న రికార్డింగ్ స్టూడియో పెట్టి, కొల్లేరు మీద పాటల ఆల్బమ్ చేయాలని పూనుకున్నాను. వేకువ పడవ మీద ఒక పాట, పక్షుల మీద ఒకటి, చెరువుల్లో వలలు లాగేవాళ్ళ మీద ఒకటి, పెళ్ళి, వరద, చివర జోల. అన్నింటిలోనూ ఒకే బాణీ మళ్ళీ మళ్ళీ రావాలి. ఒకచోట వేణువు మీద, ఒకచోట సన్నాయి మీద, వరద పాటలో విరిగి విరిగి, చివరికి ఉత్త గొంతులో. ఊహ బాగుంది. బాణీ మాత్రం రాలేదు. విడివిడిగా పాటలు బాగానే ఉన్నాయి, కలిపి వింటే దేని దారి దానిదే.

ట్రాక్ పాడడానికి కైకలూరు వైపు నుంచి ఒకామె వచ్చేది. అసలు గాయని వచ్చేలోగా ఎవరో ఒకరు పాట పాడి పెట్టాలి. అది విని గాయని నేర్చుకుని పాడుతుంది. తర్వాత మొదటి గొంతు తీసేస్తాం. మా పనిలో అది మామూలే. ఆమె భర్త చేపల చెరువుకు కాపలా ఉండేవాడు. పసిబిడ్డను అత్తగారి దగ్గర వదిలి బస్సులో వచ్చేది.

ఒక మధ్యాహ్నం నేను టీ తాగడానికి బయటికి వెళ్తూ మైకు ఆపడం మరిచాను. తర్వాత రికార్డింగ్ వింటుంటే, ఆమె ఫోనులో పాపను నిద్రపుచ్చడం వినిపించింది. మాటల్లేవు. చిన్న బాణీ. పైకి వెళ్ళి, ఒకచోట ఆగి, నెమ్మదిగా దిగుతుంది. ఆ ఆగడం దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకు ఆగుతోందో కూడా అర్థమైంది. పాప నిద్రలోకి జారుకుందా లేదా అని ఫోనులో ఊపిరి వింటోంది.

ఆ సాయంత్రమే దాన్ని వేణువు మీదికి ఎక్కించాను. పాటలన్నీ ఒక్కటయ్యాయి. నేనేం చేస్తున్నానో నాకు తెలియదా? ముందు ఊరికే వాడి చూద్దామనుకున్నాను, తర్వాత ఆమెను అడుగుదామనుకున్నాను, అన్ని పాటల్లోకీ ఎక్కాక ఇప్పుడేం అడుగుతాంలే అనుకున్నాను, గాయని పాడి వెళ్ళాక ఎప్పటిలాగే ట్రాకులు తుడిచేస్తూ ఆ మధ్యాహ్నాన్ని కూడా తుడిచేశాను. అలవాటుగా చేశానా? కాదు. కావాలనే చేశాను.

ఆల్బమ్ బయటికొచ్చాక ఇంకో పని మీద పిలిస్తే వచ్చింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏవండీ, ఒకటి అడగనాండీ? మీరేమీ అనుకోకూడదు."

"చెప్పండమ్మా."

"ఆ పాటల్లో మాటిమాటికీ వచ్చే ముక్క ఉంది కదండీ. మా పాపకి నేను పాడేదిలాగే ఉందండీ."

నేను కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. "అది పాత బాణీయేనమ్మా. మా గూడెం భజనల్లో చిన్నప్పటి నుంచీ వింటున్నదే. మీరూ ఎక్కడో వినే ఉంటారు."

గుమ్మం బయట చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"అంతేనేమోలెండి. నేనే కట్టాననుకున్నానండీ, పిచ్చిమొహాన్ని. ఏమీ అనుకోకండేం."

మా గూడెం భజనల్లో అలాంటి బాణీ ఏదీ లేదు.

ఆమె నిలదీసి ఉంటే నేను ఎదురు వాదించేవాణ్ణి, గెలిచేవాణ్ణో ఓడేవాణ్ణో. ఆమె నన్ను నమ్మింది. బాణీ తీసుకోవడం దొంగతనం, ఆ మాట అనగలను. కానీ తన తలలో పుట్టినదాన్ని తనది కాదని ఒక మనిషిని నమ్మించడాన్ని ఏమనాలి?

ఆ ఆగడాన్ని జనం ఎంత మెచ్చుకున్నారో. కొల్లేరు ఊపిరి బిగబట్టినట్టుందని ఒకాయన సభలో అన్నాడు. నేను వినయంగా తలూపాను. ఆ బాణీ ఒక్క పాటలో ఉంటే ఆ పాట తీసి పారేసేవాణ్ణి. నేనే తెలివిగా అన్నింట్లోనూ కుట్టేశాను. ఏ పాట పెట్టినా అది వచ్చేచోటు ముందే తెలుసు, చెవులు మూసుకున్నా లోపల వస్తుంది. ఇప్పుడు రెండో ఆల్బమ్ చేయమంటున్నారు. అందులోనూ ఆ బాణీయే ఉండాలట.

ఈమధ్య కైకలూరులో ఒక స్కూలు వార్షికోత్సవానికి అతిథిగా పిలిచారు. ఒక అమ్మాయి మా ఆల్బమ్‌లోని జోల పాడింది. ఆగాల్సిన చోట ఆగింది. స్టేజీ దిగివచ్చాక వాళ్ళమ్మ ఆ పిల్లను చెయ్యి పట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చింది. ఆమే.

"సార్‌కి దణ్ణం పెట్టమ్మా. ఈ పాట కట్టింది ఆయనే." నా వైపు తిరిగి నవ్వింది. "చంటిపిల్లప్పుడు దీన్ని మీ పాటతోనే పడుకోబెట్టేదాన్నండీ."

ఈ పిల్ల చంటిపిల్లగా ఉన్నప్పటికి నా పాట లేదు. ఆ జ్ఞాపకం కూడా ఆమెకు మిగల్చలేదు నేను. పిల్ల వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. నా చెయ్యి దాని తల మీదికి వెళ్ళింది. "సంతోషమమ్మా" అన్నాను. అక్కడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

ఆమె ఎదుట నిలబడి ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాస్తే అదీ అబద్ధమే కావచ్చు. మిమ్మల్ని క్షమించమని అడగను, అది మీ చేతిలో లేదు. ఇంతవరకూ రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. నా పేరు ఇక్కడ పెట్టడం లేదు. అది ఆల్బమ్ మీద ఎటూ ఉంది. లేనిది ఆమె పేరు.

నాగమణి. ఆ బాణీ నాగమణిది.